జాడించక్కర్లేదట!

ఈమధ్య వెళ్ళిన సంక్రాంతికి మా ఇంట్లో గొడవ కోడిపందాల దగ్గర రాలేదు, అరిసెల పాకం దగ్గరా రాలేదు. కారు కడిగే దగ్గర వచ్చింది. పండగ వెళ్ళిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు, ఆ గొడవ మాత్రం ధర్మసందేహంగా మారి మా వీధి వరండాలో పడక్కుర్చీ వేసుకుని కూచుంది. ఇప్పటికీ లేవలేదు.

జరిగింది చెబుతాను. భోగినాడు తెల్లవారుజామున మా వీధి కుర్రాళ్ళు మంట కాస్త ఉత్సాహంగా వేశారు. విరిగిన కుర్చీలూ, తాటాకులూ, ఎవరిదో పాత నవారు మంచం, అన్నీ అందులో పడ్డాయి. తెల్లారేసరికి గేటు బయట పెట్టిన మా కారు మీద వేలెడు మందాన బూడిద. మావారు పంచె ఎగ్గట్టి రబ్బరు ట్యూబు తీసుకుని బయల్దేరారు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అడ్డం వచ్చాడు.

"ఆగండి నాన్నా, ట్యూబు అక్కర్లేదు" అని సంచీలోంచి అరచెయ్యంత సీసా ఒకటి తీశాడు. దాని మూతతో ఒక్క మూతెడు మందు అరబక్కెట్టు నీళ్ళలో కలపాలిట. అందులో మెత్తటి గుడ్డలు నానేసి, పిండి, కారు తుడవాలిట. వెంటనే పొడిగుడ్డతో అద్దాలిట. అంతే.

"మరి జాడించడం?" అన్నాను.

"జాడించక్కర్లేదు. అదేనమ్మా దాని గొప్ప."

ఈ మాట వరండాలో కూచున్న మా అత్తగారి చెవిన పడింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. వినికిడి కాస్త మందమే గాని శుభ్రానికి సంబంధించిన మాటలు గోడ అవతల అన్నా వినపడతాయి ఆవిడకి. "జాడించకపోతే అది కడగడం ఏవిట్రా? అంట్లు తోమి, తిరగ కడక్కుండా బోర్లించినట్టు!" అన్నారు.

నాకు ఆవిడ మాట సబబుగానే తోచింది. మన భాషే చూడండి. గ్లాసు తొలుపుతాం, బట్ట జాడిస్తాం, నోరు పుక్కిలిస్తాం, గిన్నెలు తోమి తిరగ కడుగుతాం, వాకిలి కళ్ళాపి జల్లుతాం. ఇన్ని మాటలున్న జాతికి "జాడించని కడుగుడు" అంటే ఎలా రుచిస్తుంది? మనకి శుభ్రం అంటే మురికి పోవడం ఒక్కటే కాదు. మురికి మీదుగా నీళ్ళు పారాలి. పారుతున్న చప్పుడు వినపడాలి. అప్పుడుగాని మనసు ఒప్పదు.

మావాడికి ఈ విద్య ఎలా అబ్బిందంటే, 2024 వేసవిలో బెంగుళూరులో బోర్లు ఎండిపోయి, తాగేనీళ్ళతో బళ్ళు కడిగితే 5000 రూపాయలు జరిమానా అని అక్కడి నీటి బోర్డు ఉత్తర్వు వేసింది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మార్చి నెలలో మావాడుండే అపార్టుమెంటులో కుళాయి రోజుకి రెండుసార్లు మాత్రమే పలికేదిట. ట్యాంకరు కోసం ఎదురుచూపులు. ఆదివారం పూట అందరూ స్నానం తర్వాత సంగతి, ముందు వంటకి ఉన్నాయా అని చూసుకునేవారుట. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన పిల్లాడు చెంబుడు నీళ్ళు లెక్కపెట్టుకుని పోసుకున్నాడంటే నాకు ఫోనులో కళ్ళనీళ్ళు తిరిగాయి. వాటినైనా పట్టి ఉంచుకోవాల్సింది అన్నారు మావారు. ఆయన పరిహాసాలు ఇలాగే ఉంటాయి.

సరే, ప్రయోగం మొదలైంది. బూడిద గరుకుగా ఉంటుంది కాబట్టి ముందు గుడ్డ తగలనివ్వకూడదుట. అదే మందునీళ్ళు పిచికారీ సీసాలో పోసి బూడిద మీద కొట్టి రెండు నిమిషాలు నానబెట్టాడు. బూడిదలో పోసిన పన్నీరు అంటే ఏమిటో నాకు కంటితో చూసే భాగ్యం కలిగింది. తర్వాత గుడ్డ నాలుగు మడతలు పెట్టాడు. ఆ మడతలకి అటూ ఇటూ కలిపి ఎనిమిది మొహాలు వస్తాయి. ఒక మొహంతో ఒక్కసారి తిన్నగా లాగడం, మొహం మార్చడం. గుండ్రంగా తిప్పకూడదు. ముందు టాపు, తర్వాత అద్దాలు, తర్వాత తలుపుల పైభాగం, అన్నిటికన్నా మురికిదైన కిందిభాగం ఆఖర్న. మురికైన గుడ్డని తిరిగి బక్కెట్టులో ముంచకూడదు, పక్కన పడెయ్యాలి. ఎండలో చెయ్యకూడదు, నీడన చెయ్యాలి, లేకపోతే నీళ్ళు ఎక్కడికక్కడ ఆరిపోయి మచ్చలు కడతాయి. ఒక తలుపు పూర్తిగా తుడిచి, అద్ది, తర్వాత ఇంకో తలుపు. ఇంత ఆచారం మా అత్తగారి మడిలో కూడా లేదు. అందుకేనేమో ఆవిడ కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నారు.

"ఆ మందులో ఏవుందిరా?" అన్నారు.

వాడు చెప్పాడు. పాలిమరు అనే ఒక జిగురులాంటి పదార్థం ఉంటుందిట. అది దుమ్ము రేణువుని చుట్టూ కమ్ముకుని జారుడుగా చేస్తుందిట. దాంతో అది రంగుని గియ్యకుండా జారి గుడ్డ నూగులోకి పోతుందిట. సబ్బు అయితే నురగ వస్తుంది, నురగని నీళ్ళతో వదిలించాలి. దీనికి నురగే లేదు గనక జాడించే పనే లేదు.

మా అత్తగారు కాసేపు ఆలోచించారు. "అయితే ఇండుపగింజ లాంటిదన్నమాట" అన్నారు.

నేటి పిల్లలకి ఇండుపగింజ తెలీదు. చిల్లగింజ అని కూడా అంటారు. శ్రావణ భాద్రపదాల్లో గోదావరి ఎర్రగా, కాఫీ డికాషనులా వచ్చే రోజుల్లో కావిళ్ళతో తెచ్చుకున్న నీళ్ళు అలాగే తాగలేరు కదా. గరుకురాయి మీద ఆ గింజ అరగదీసి గంధం బిందెలో కలిపేవారు. పొద్దున్నకి ఒండ్రు అంతా అడుక్కి దిగి, పైన తేటనీరు నిలిచేది. మట్టి రేణువుల్ని గింజలోని జిగురు ఒకచోటికి చేర్చి బరువెక్కిస్తుంది, అదీ దాని కిటుకు. అక్కడ మట్టి బిందె అడుక్కి పోతుంది. ఇక్కడ గుడ్డలోకి పోతుంది. ఈ పోలిక దొరికాక ఆవిడకి మందు మీద సగం అనుమానం తీరింది. మిగతా సగం ఎప్పటికీ తీరదు. బక్కెట్టులో మిగిలిన నీళ్ళు కరివేపాకు మొక్కకి పొయ్యబోతే "ఆ జిగురునీళ్ళు నా మొక్కకి పోస్తే ఊరుకోను" అని కేకేశారు. వాడు మారు మాట్లాడకుండా మురుక్కాలవలో పోశాడు.

ఇక మావారు. ఆయన వాదన వేరు. "రాజమండ్రిలో కూచుని నీళ్ళు పొదుపు చెయ్యడం ఏవిటోయ్! సముద్రం ఒడ్డున కూచుని ఉప్పు రాళ్ళు లెక్కపెట్టినట్టు" అన్నారు. ఆయన ఇంజనీరు. అంకెలు నాలిక చివర ఉంటాయి. గోదావరి నుంచి ఏటా సగటున 3000 టి.ఎం.సి.ల దాకా సముద్రంలో కలుస్తున్నాయిట. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో పాతిక లక్షలు దాటింది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి 28 లీటర్ల పైమాట. కాగితం తీసి లెక్క కట్టారు. 1986 వరదలో ఒక్క సెకనులో వెళ్ళిన నీళ్ళతో మా కారు లాంటివి మూడు లక్షల పైచిలుకు కడగొచ్చు! "నువ్వు మిగిల్చిన బక్కెట్లు చూసి గోదావరి ఆనందబాష్పాలు రాలుస్తుందా?" అన్నారు.

అంత లెక్క కట్టాలంటే ముందు ఒక కారుకి ఎన్ని నీళ్ళు పడతాయో తెలియాలి. ఆ అంకె ఆయనకి ఇచ్చింది నేనే. మా ట్యూబు పెడితే పదిహేను లీటర్ల బక్కెట్టు ఒక్క నిమిషంలో నిండుతుంది. ఆయన కారు కడిగినప్పుడు ట్యూబు ఇరవై నిమిషాలు పారుతుంది. మధ్యలో ఎదురింటాయనతో రాజకీయాలు మాట్లాడే సమయం అందులో కలిసే ఉంది, ఎందుకంటే అప్పుడు కూడా ట్యూబు కట్టరు. వెరసి 300 లీటర్లు. వాడు వాడింది ఏడు లీటర్లు. ఈ రెండు అంకెలు చూశాక కూడా ఆయన వాదన నాకు తీసిపారేసేదిగా అనిపించలేదు. నిజమే కదా, అంత నదిలో ఇంత నీరు ఏ మూలకి?

మన సామెతలు కూడా ఆయన పక్షమే. డబ్బు మంచినీళ్ళలా ఖర్చుపెట్టాడు అంటాం. అంటే మంచినీళ్ళకి లెక్క లేదనేగా! ఈ మాట పుట్టించింది మా గోదావరి వాళ్ళే అయుండాలి. రాయలసీమ వాళ్ళయితే అనరు.

మూడు రాత్రులు ఆలోచించాను. (నవలకి ముగింపు తోచనప్పుడు కూడా నేను ఇంత ఆలోచించను.) నాకు తట్టింది ఇది. గోదావరి కాటన్ దొర రాకముందూ ఉంది. ఇంతే వెడల్పు, ఇంతే వరద. అయినా 1830లలో ఈ ప్రాంతంలో కరువొచ్చి జనం ఆకలికి చచ్చిపోయారు. నది పక్కనే పారుతోంది, చేను మాత్రం ఎండిపోయింది. ఆయన 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వించాక గాని ఆ నీళ్ళు ఈ నేలకి అన్నం పెట్టలేదు. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. అంటే నదిలో నీళ్ళున్నాయన్నంత మాత్రాన బిందెలో ఉన్నట్టు కాదు. రేవులో నీరు వేరు, కుళాయిలో నీరు వేరు. కుళాయి నీటిలో మోటారు కరెంటు ఉంది, వడపోత ఇసక ఉంది, క్లోరిను ఉంది, పైపు పగిలితే నడిరాత్రి గోతిలో దిగి బాగుచేసిన మనిషి చెమట ఉంది. నేను ఇరవై నిమిషాలు ట్యూబు వదిలేస్తే గోదావరికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కానీ నేను పారబోసింది గోదావరిని కాదు, ఆ చెమటని.

ఈ మాట మావారితో అంటే, "పుస్తకంలో రాసుకో, బావుంది" అన్నారు. అంటే ఓడిపోలేదని అర్థం.

ఓడించింది వాళ్ళమ్మ. అదీ కావాలని కాదు.

కనుమనాడు మధ్యాహ్నం వక్కపలుకులు కత్తిరిస్తూ, ఎవరూ అడక్కుండానే చెప్పారు. ఆవిడ పుట్టిన ఊరు కోనసీమలో కాలవ శివారు. శివారంటే తెలుసుగా, కాలవ ఆఖరు. పైవాళ్ళందరూ వాడుకోగా మిగిలింది వచ్చే చోటు. సముద్రం దగ్గర కాబట్టి నూతులన్నీ ఉప్పు. ఏటా ఎండాకాలంలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి, మళ్ళీ జూన్‌లో వదిలేదాకా అదే ఆధారం. అప్పుడు వాళ్ళింట్లో నీళ్ళకి ఒక వరస ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి గోలెంలోకి, అంటే గేదెకి. చేతులు కడిగిన నీళ్ళు కందపాదుకి. స్నానం నీళ్ళు అరటిచెట్లకి. పారబోసిన నీళ్ళంటూ ఉండేవి కావు, చేతులు మారిన నీళ్ళే. తిరగ కడగాలని ఆవిడ ఇంతగా పట్టుపట్టే మనిషి కదా, ఆ తిరగ కడిగిన నీళ్ళు కూడా ఎక్కడికో ఒకచోటికి చేరేవి. మాకిప్పుడు వాకిలంతా సిమెంటు. ఎంత పోసినా నేరుగా కాలవలోకి.

"ఒక ఏడు జూన్‌లో కాలవ వదిలారు" అన్నారావిడ. "కొత్తనీరు వచ్చిందని పిల్లలందరం రేవుకి పరిగెత్తాం. రెండు నెలలు ఎండిన కాలవ. పైనుంచి ఊళ్ళన్నీ కడుక్కుంటూ వచ్చింది ఆ నీరు. పశువుల్ని తోమిన నీరు, బళ్ళు కడిగిన నీరు, కట్టేసినన్నాళ్ళూ కాలవలో పారేసినదంతా. మా చెల్లెలు దోసిలి పట్టి తాగింది. అయిదేళ్ళు దానికి. దాహం వేసింది మరి. రెండో రోజు వాంతులూ విరోచనాలూ. నాలుగో రోజుకి లేదు."

ముప్పై ఏళ్ళ కిందట ఆ ఇంటికి కోడలిగా... కాదు, ఇరవై అయిదేళ్ళే, పెళ్ళి ఫొటో వెనక ఉంది. ఆ ఇరవై అయిదేళ్ళలో ఆవిడకి చెల్లెలున్నట్టు నాకు తెలీదు. మావారికీ తెలీదు. ఆవిడ వక్కలు కత్తిరించడం ఆపలేదు. "అందుకే నేను గిన్నె రెండుసార్లు కడుగుతాను. ఆ కడిగినవి నీళ్ళలోకి మాత్రం వదలను. నా జాడింపు ఎవరి దోసిట్లో పడుతుందో నాకేం తెలుసు" అన్నారు.

ఆ తర్వాత మావారు 3000 టి.ఎం.సి.ల సంగతి ఎత్తలేదు.

ఇది పాతకాలం ముచ్చట అనుకునేరు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కూతుర్ని భీమవరం పక్క పల్లెటూళ్ళో ఇచ్చారు. చుట్టూ నీళ్ళే. రోడ్డుకి అటూ చెరువే, ఇటూ చెరువే, మధ్యలో ద్వీపంలాగా ఊరు. అన్నీ చేపల చెరువులూ రొయ్యల చెరువులూ. నూతిలో నీళ్ళు నోట్లో పెట్టుకోలేరు. తాగడానికీ వండుకోవడానికీ ఇరవై లీటర్ల టిన్నులు కొనుక్కోవడమే. మా కారు స్నానం 300 లీటర్లు, అంటే పదిహేను టిన్నులు. ఈ లెక్క నేను మావారికి చెప్పలేదు. ఒకరోజుకి ఒక మనిషికి చాలినంత వినిపించామనుకున్నాను.

పండగ వెళ్ళాక ఒక విచిత్రం జరిగింది. మావారు సీసా పట్టుకున్నారు. ఆదివారం పొద్దున్నే మామిడిచెట్టు నీడలో కారు పెట్టి, అరబక్కెట్టు నీళ్ళూ, ఆరు గుడ్డలూ. వాళ్ళమ్మ మాట మనసులో నాటుకుందని నేను మురిసిపోతున్నాను. దగ్గరికి వెళితే అసలు సంగతి బయటపడింది. ఎండ వాలుగా పడ్డప్పుడు బానెట్టు మీద సాలెగూడులాంటి గీతలు కనిపించేవి. ఇన్నాళ్ళూ బట్టల సబ్బుపొడితోనూ, పొద్దున్నే పసుపు గుడ్డతో పొడిదుమ్ము గుండ్రంగా రుద్దడంతోనూ పడ్డవి అవి. కొత్తపద్ధతిలో కొత్త గీతలు పడవుట, మెరుపు కూడా వస్తోందిట. "చూడు, మొహం కనిపిస్తోంది" అని చూపించారు. ఆయన మొహమే. నీళ్ళ మాట ఎక్కడా లేదు!

నేను బి.ఏ.లో తత్వశాస్త్రం చదివాను. అందులో కాంట్ అనే జర్మన్ పెద్దమనిషి ఉండేవాడు. 1785లో రాసిన పుస్తకంలో ఆయన ఒక దుకాణదారు ఉదాహరణ ఇస్తాడు. ఆ దుకాణదారు చిన్నపిల్లలు వచ్చినా ఎక్కువ ధర పుచ్చుకోడు. ఎందుకంటే మోసం చేస్తే బేరాలు పోతాయి. అతను చేసింది సరైన పనే గాని, ధర్మం కోసం చెయ్యలేదు గనక దానికి నైతికమైన విలువ లేదంటాడు కాంట్. మన గీతలోనూ ఫలం మీద ఆశ పెట్టుకోకుండా చెయ్యమనే ఉంది. ఇరవై ఏళ్ళ వయసులో ఇది చదివి పరవశించిపోయాను. పరీక్షలో నాలుగు పేజీలు రాసి మార్కులు కొట్టేశాను. ఇప్పుడు నలభై ఏడేళ్ళొచ్చి, ఇల్లు నడిపిన దాన్ని గనక, నా సానుభూతి దుకాణదారు మనసు మీద లేదు. సరైన ధరకే సరుకు తీసుకుని ఇంటికొచ్చిన ఆ పిల్లాడి తల్లి మీద ఉంది. ఆవిడకి శెట్టిగారి అంతరాత్మతో పనేముంది? మావారు మెరుపు కోసం చేస్తేనేం, మొహం చూసుకోవడానికి చేస్తేనేం, 293 లీటర్లు ట్యాంకులో మిగిలాయి కదా.

ఇలా కాంట్‌ని ఓడించి వారం రోజులు గర్వంగా తిరిగాను. ఎనిమిదో రోజున పనమ్మాయి పెరట్లోంచి పిలిచింది.

"అమ్మగారండీ, ఓ మాటండి. అయ్యగారు కారుకి అరబక్కెట్టే వాడతన్నారటండి. ఆ గుడ్డలకి నేను మూడు బక్కెట్లు వాడతన్నానండి."

వెళ్ళి చూద్దును కదా, రాతిబండ మీద ఆరు గుడ్డలు బొగ్గు మసిలా పడున్నాయి. వాటి కథ పెద్దదిట. వాటిని మామూలు బట్టలతో కలిపి ఉతకకూడదు, నూలు పీచు అంటుకుంటుంది. ఒక్క ఇసక రేణువు నూగులో మిగిలినా మళ్ళీ కారు మీద గీత పడుతుంది. కాబట్టి మురికి వదిలేదాకా పిండి పిండి జాడించాలి. గంజి సరేసరి, బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవం కూడా తగలకూడదు, తగిలితే నీళ్ళు పీల్చడం మానేస్తాయి. ఈ ఆజ్ఞలన్నీ మావారు ఆ అమ్మాయికి ఒప్పజెప్పి తను పేపరు చదువుకుంటున్నారు. జాడించక్కర్లేదన్న కారు తాలూకు జాడింపు అంతా వచ్చి ఆ పిల్ల నడుం మీద పడింది.

మూడు బక్కెట్లంటే 45 లీటర్లు. కారుకి వాడిన ఏడూ కలిపితే 52. 300తో పోలిస్తే ఇంకా లాభమే. లెక్క ప్రకారం మేమే గెలిచాం. అయినా నాకు సిగ్గేసింది. నీళ్ళ లెక్క అంత శ్రద్ధగా వేసినవాళ్ళం, ఆ నీళ్ళు తోడే చేతుల లెక్క వెయ్యలేదు. ఆరు గుడ్డలు వారానికొకసారి పిండటం జీతంలో లేని పని. మావారు ట్యూబుతో కడిగిన రోజుల్లో ఆ చాకిరీ ఆయనదే, ఎంత నీళ్ళు పారబోసినా సరే. పొదుపు మాదీ, నడుంనొప్పి ఆ పిల్లదీ అయింది. మా అత్తగారి మాటే ఇంకోలా వచ్చి తగిలింది. మన జాడింపు ఎవరి దోసిట్లో పడుతోంది?

కాంట్‌కి సగం మార్కులు తిరిగి ఇచ్చేశాను. ఎందుకు చేస్తున్నామన్నది ముఖ్యం కాదనుకున్నాను గాని, ముఖ్యమే. మెరుపు కోసం చేసేవాడి చూపు మెరుపు దగ్గర ఆగిపోతుంది. తర్వాత గుడ్డలు ఏమయ్యాయో చూడదు. నీళ్ళు పారబోయకూడదని చేసేవాడయితే ఆ నీళ్ళ వెంటే పెరటిదాకా వెళ్ళి చూసును. ఇక్కడ ఒక్క మాట ఒప్పుకోవాలి. నేను ఏ మెరుపూ కోరలేదు, నీళ్ళ పక్షానే వాదించాను. మరి నేనెందుకు చూడలేదు? వాదన గెలిచాను కదా అని కూచున్నాను. గెలుపు కూడా ఒక మెరుపే కాబోలు.

ఆ సాయంత్రం మావారితో రెండే మాటలు అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను, కుటుంబ పత్రిక. మర్నాటి ఆదివారం నుంచి ఆయన గుడ్డలు ఆయనే పిండుకుంటున్నారు. రాతిబండ మీద కాదు, ఒక బక్కెట్టులో రాత్రి నానేసి పొద్దున్న రెండుసార్లు తీస్తున్నారు. చేత్తో పిండటం మొదలెట్టాక ఆరు గుడ్డలు నాలుగయ్యాయి. ఒక్కో గుడ్డకి ఎనిమిది మొహాలున్నాయని అంతవరకూ ఆయనకి జ్ఞాపకం రాలేదు.

అంతా సర్దుకుందనుకున్నాం. శ్రావణమాసంలో అమలాపురం అవతల ఒక పెళ్ళికి వెళ్ళొచ్చాం. వాన. లంక దారిలో కారు రెండుసార్లు దిగబడింది. ఇంటికొచ్చేసరికి తలుపుల సగందాకా నల్లమట్టి, బంకమట్టి, గట్టిగా కుండ అతికినట్టు అతుక్కుంది. ఇలాంటప్పుడు సీసా పనికిరాదు. మట్టి పెళ్ళల మీద గుడ్డ పెట్టి లాగితే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్ళు ధారగా కొట్టి మట్టి వదిలించాల్సిందే. ఆ సంగతి సీసా మీద కూడా రాసి ఉంది.

మావారు ట్యూబు చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ఆర్నెల్లయింది ఆయన దాన్ని ముట్టుకుని. మొహంలో ఒక రకమైన తప్పుచేస్తున్న ఆనందం. "ఇవాళ తప్పదు" అన్నారు నావైపు చూసి. నేను వాళ్ళమ్మగారి వైపు చూశాను.

"సబ్బూ గిబ్బూ వెయ్యకు. ఆ సిమెంటు మీద కాదు, పెరటివైపు తీసుకెళ్ళు. కొబ్బరిచెట్టు పక్కన పెట్టి కడుగు" అన్నారావిడ. "కోనసీమ ఒండ్రు. దానికి ఎరువేశాం ఈ ఏటికి."

పక్క సందులోంచి కారు వెనక్కి నడిపి, నా చామంతి కుండీ ఒకటి పగలగొట్టి, మొత్తానికి కొబ్బరిచెట్టు పక్కకి చేర్చారు. అత్తగారు కుర్చీ వేయించుకుని పాదు దగ్గరే కూచున్నారు. పనమ్మాయి పారతో కాలవ తీసి నీళ్ళు పాదులోకి మళ్ళించింది. నల్లటి మట్టినీరు గట్టు వారగా మెల్లిగా నిండుతూ ఉంటే ముగ్గురం దాన్నే చూస్తున్నాం. కారు ఎవరూ చూడటం లేదు.

"చాలు, పాదు నిండింది. కట్టెయ్" అన్నారు అత్తగారు.

"అమ్మా, ఇంకా ఒక చక్రం ఉంది!"

"పాదు నిండిందిరా."

ఆయన ట్యూబు కట్టేశారు. ఎడంవైపు వెనక చక్రం ఇంకా కోనసీమ మట్టితోనే తిరుగుతోంది.